బొంబాయి పూటకూళ్ళమ్మలు

పెద్ద ఊరికి ప్రయాణం అనుకోగానే మన ఇళ్ళల్లో మొదట వచ్చే మాట, "మరి తిండి సంగతేమిటి?" అని. రైల్లోకి పులిహోర, పెరుగన్నం కట్టుకుంటాం. రెండో పూటకి అవి అయిపోతాయి. ఆ తరవాత హోటలే గతి. నలుగురు మనుషులు నాలుగు రోజులు బయట తిన్నారంటే ఇంట్లో నెల వెచ్చం ఎగిరిపోయినట్టే. అందులోనూ బొంబాయి! 1995లో ఆ ఊరి పేరు ముంబయి అని మార్చారు గాని, నేను చెప్పబోయేది చాలావరకు అంతకు ముందరి కథ కాబట్టి బొంబాయి అనే అంటాను. గది అద్దెకే జీతం చాలని ఆ ఊళ్ళో మిల్లు పనివాళ్ళు, హమాలీలు, చిన్న గుమాస్తాలు ఇన్ని తరాలుగా రెండు పూటలా ఏం తిన్నారు? ఎవరు వండిపెట్టారు? అంత చవకగా ఎలా పెట్టగలిగారు? ఈ సంగతి నాకు ఎప్పటినుంచో సందేహం. నాలుగు పుస్తకాలు తిరగేస్తే, ఆ తిండి వెనక నాకు కనిపించింది మనలాంటి ఆడవాళ్ళే. అంచేత ఇవాళ మీకు ఆ కబురు చెబుతాను.

డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టడం మన తెలుగువాళ్ళకేం కొత్త కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లు వీధుల్ని కళ్ళకు కట్టే 'క్రీడాభిరామం'లో ఒక పూటకూళ్ళ ఇల్లు ఉంది. ఒక్క రూకకి మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డపెరుగు. చదువుతుంటేనే ఆకలి వేస్తుంది! ఆ తరవాత 'కన్యాశుల్కం' ఉండనే ఉంది. అందులో ఊరందరికీ అన్నం పెట్టే ఆవిడకి గురజాడవారు ఒక పేరంటూ పెట్టలేదు, గమనించారా? పూటకూళ్ళమ్మ, అంతే. గిరీశం ఆవిడ ఇంట తిన్నాడు, ఆవిడ డబ్బుకే ఎసరు పెట్టాడు. మనం నాటకం చూసి నవ్వుకుని ఇంటికి వస్తాం గాని, ఆ డబ్బు పోయాక మర్నాడు ఆవిడ బియ్యం ఎలా తెచ్చుకుందో ఎవరం ఆలోచించం. ఇవాళ నేను చెప్పేది సరిగ్గా ఆ బియ్యం సంగతే. కాకపోతే విజయనగరంలో కాదు, బొంబాయిలో.

బొంబాయిలో మొదటి నూలుమిల్లుకి 1854లో కావస్జీ దావర్ అనే పార్శీ వర్తకుడు పునాది వేశాడు. 1856కల్లా అది నడవడం మొదలెట్టింది. ఆ తరవాత పరేల్, లాల్‌బాగ్, వర్లీ, భైకళా చుట్టూ మిల్లులే మిల్లులు. ఆ పేటలన్నిటినీ కలిపి 'గిరణ్‌గావ్' అన్నారు, అంటే మిల్లుల ఊరు అన్నమాట. పనికోసం రత్నగిరి నుంచి, సతారా నుంచి మగవాళ్ళు బండ్లు కట్టుకుని, పడవలెక్కి వచ్చారు. పెళ్ళాం పిల్లల్ని ఊళ్ళోనే వదిలి వచ్చారు. తీసుకొస్తే ఎక్కడ పెడతారు? 1921 జనాభా లెక్కల ప్రకారం బొంబాయిలో వెయ్యిమంది మగవాళ్ళకి ఆడవాళ్ళు సుమారు 525 మంది. నూటికి 84 మంది బయట ఊళ్ళల్లో పుట్టినవాళ్ళే. ఊరంతా ఒంటరి మగవాళ్ళన్నమాట. చాల్ అని పిలిచే ఆ వరస ఇళ్ళల్లో ఒక్కొక్క గదికి పదిమంది చొప్పున, పగటి షిఫ్టువాడు లేచి వెళితే రాత్రి షిఫ్టువాడు వచ్చి అదే చాపమీద పడుకునేవాడు. పన్నెండు గంటలు మగ్గం దగ్గర నిలబడి వచ్చినవాడు పొయ్యి రాజేసుకుంటాడా? హోటలు భోజనం చేస్తే ఇంటికి పంపడానికి మిగలదు. ఇంటికి పంపకపోతే బొంబాయి వచ్చి లాభమేముంది?

అదిగో, అక్కడ వచ్చింది 'ఖాణావళి'. మరాఠీలో ఖాణావళి అంటే మన పూటకూళ్ళ ఇల్లే. బోర్డు ఉండదు, బల్లలుండవు. అదే చాల్‌లో, అదే ఒంటిగదిలో ఒక ఇల్లాలు తన పిల్లలతో పాటు ఇంకో పదిమందికో ఇరవైమందికో వండుతుంది. ఆవిడ మొగుడు కూడా మిల్లులోనే పని చేస్తూ ఉండవచ్చు, పని పోయి ఇంట్లో కూర్చుని ఉండవచ్చు, అసలు లేకనే పోవచ్చు. తినేవాళ్ళు సాధారణంగా వాళ్ళ జిల్లావాళ్ళూ, వాళ్ళ కులంవాళ్ళూ. ఆ రోజుల్లో ఎవరు వండింది ఎవరు తినవచ్చుననే పట్టింపు గట్టిగా ఉండేది. అదీగాక ఊరి కారం, ఊరి పులుసు నాలుకకి తగలాలి కదా! కొంకణం వాళ్ళకి చేపలపులుసు, అన్నం. ఘాట్ మీదివాళ్ళకి జొన్నరొట్టె, ఝుణకా, పచ్చిమిర్చి తొక్కు. వారానికోసారి ఎప్పుడైనా మాంసం.

ఆ వంట చేసే తీరు ఒక్కసారి ఊహించండి. మిల్లు కూతకి ముందే మొదటి షిఫ్టువాళ్ళు తిని పోవాలి. అంటే ఈవిడ తెల్లవారుజామున మూడింటికి లేవాలి. ఇరవైమందికి మనిషికి మూడేసి రొట్టెలు వేసుకున్నా అరవై రొట్టెలు. జొన్నరొట్టె కర్రతో ఒత్తేది కాదు, చేత్తో తట్టి తట్టి చేసేది. మీలో తెలంగాణా, రాయలసీమ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, పది రొట్టెలు తట్టేసరికి భుజం ఎలా లాగుతుందో మీకే తెలుసు. నీళ్ళు కింద కుళాయి దగ్గర్నుంచి మేడ మీదికి మోసుకోవాలి. వీళ్ళు వెళ్ళగానే రాత్రి షిఫ్టువాళ్ళు దిగుతారు. గిన్నెలు తోమేసరికి మధ్యాహ్నం డబ్బాలు. మళ్ళీ సాయంత్రం. ఇదంతా చేస్తూ పిల్లలకి పాలివ్వడం, జ్వరమొస్తే చూడడం. ఇంత చేసినా సర్కారువారి లెక్కల్లో ఆవిడ 'పనిచేయు స్త్రీ' కాదు, ఇల్లాలు!

1920ల్లో బొంబాయి మిల్లు పనివాళ్ళలో ఐదుగురికి ఒకరు ఆడమనిషి. తరవాత తరవాత ఆ సంఖ్య తగ్గుతూ వచ్చింది. ఆడవాళ్ళని రాత్రిపూట పనికి పెట్టకూడదని చట్టం ఉంది. మంచికే చేశారు, కాదనను. కాని మిల్లులు రాత్రింబవళ్ళు నడిపేసరికి రాత్రి రాని మనిషి ఎందుకన్నారు. కండెలు చుట్టే పనికి యంత్రాలు వచ్చాయి. అలా పని పోయినవాళ్ళకి గరిటె తప్ప మరో దారి కనపడలేదు.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. బొంబాయి మిల్లుల్లో జీతం నెలకోసారి ఇచ్చేవారు. అహమ్మదాబాదులో పదిహేను రోజులకోసారి ఇచ్చేవారట. బొంబాయిలో నెల నిండగానే కూడా చేతికి వచ్చేది కాదు, తరవాతి నెలలో పది పదిహేను రోజులు గడిచాక ఇచ్చేవారు. అంటే కొత్తగా ఊరినుంచి వచ్చి మిల్లులో చేరినవాడు నెలా పదిహేను రోజులు చేతిలో దమ్మిడీ లేకుండా పని చెయ్యాలి. అన్నాళ్ళూ వాడు తిన్నదెక్కడ? ఖాణావళిలో, అప్పుమీద. మరి ఆవిడకి బియ్యం, జొన్నలు, కిరసనాయిలు ఎవరిచ్చారు? వీధి చివర కిరాణా సేటు, అప్పుమీద. అప్పు సరుకు కదా, నాణ్యం అడగడానికి లేదు, తూకం అడగడానికి లేదు. చేతికి రొక్కం కావలసి వస్తే వడ్డీవాడు. రూపాయికి నెలకి అణా వడ్డీ అనేది ఆ రోజుల్లో మామూలు మాట. వినడానికి అణాయే. లెక్క కట్టి చూడండి, ఏడాదికి నూటికి 75 రూపాయలు! మెడలో పుస్తెలు, ఇంట్లో ఇత్తడి బిందెలు తాకట్టుకు పోవడం మామూలే. నెలాఖరుకి జీతం అందుకుని ఏ కుర్రాడైనా చెప్పకుండా ఊరికి వెళ్ళిపోయాడా, ఆ నెల ఆవిడ గతి మన పూటకూళ్ళమ్మ గతే.

నేను చదివింది మెట్రిక్ వరకే, అర్థశాస్త్రం నాకు రాదు. కాని ఇంటి పద్దు రాసేదాన్ని కనక ఈ మాత్రం అర్థమైంది. మిల్లు యజమాని నెలన్నర జీతం తన దగ్గర ఉంచుకున్నాడు. ఆ నెలన్నర అతని పనివాళ్ళని బతికించి ఉంచింది పదడుగుల గదిలో ఒక ఆడమనిషి, తన పుస్తెలు తాకట్టు పెట్టి. బొంబాయి మిల్లుల చరిత్రలో పెట్టుబడి పెట్టినవాళ్ళ పేర్లు బోలెడు చదివాను. ఈవిడ పేరు మాత్రం ఎవరూ రాయలేదు.

ఇందులో మనవాళ్ళూ ఉన్నారు. కామాఠీపురా అన్న పేరు వినగానే మనం ముఖం పక్కకి తిప్పుకుంటాం. ఆ పేరు వచ్చింది కామాటీల వల్ల, అంటే నిజాం రాజ్యం నుంచి కట్టుబడి పనులకి వెళ్ళిన తెలుగు కూలీల వల్ల. బొంబాయి మేడలకి, రోడ్లకి రాళ్ళు మోసింది వాళ్ళే. ఆ తరవాత తెలంగాణా జిల్లాల నుంచి పద్మశాలీలు మగ్గాల పనికి మిల్లుల్లో చేరారు. వర్లీ, పరేల్ చాళ్ళలో తెలుగు మాట, గోంగూర వాసన ఉండేవంటే అందుకే.

అందరూ ఖాణావళిలోనే తినలేదు లెండి. కాస్త జీతం ఉండి, కాపరం పెట్టుకున్న గుమాస్తాకి ఇంటి వంటే డబ్బాలో వచ్చేది. 1890 ప్రాంతంలో మహాదేవ్ హావాజీ బచ్చే అనే ఆయన నూరుమందిని కూడగట్టి ఈ డబ్బాల మోత మొదలుపెట్టాడని చెబుతారు. డబ్బావాలాల గురించి పెద్ద పెద్ద దేశాల వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. నిజంగా మెచ్చుకోవలసిందే. కాని తొమ్మిది గంటలకల్లా డబ్బా సిద్ధం చేసి గుమ్మంలో పెట్టిన చేతి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు, ఎంచేతో!

ఇరానీ హోటళ్ళ సంగతి హైదరాబాదు వాళ్ళకి కొత్తగా చెప్పాలా? బొంబాయిలో కయానీ 1904లోనూ, బ్రిటానియా 1923లోనూ తెరిచారు. వీధి మూల స్థలాలు అచ్చిరావని హిందూ వర్తకులు వద్దంటే ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళు చవగ్గా తీసుకున్నారని ఒక మాట ఉంది. రెండు వైపులా గుమ్మాలు, గాలీ వెలుతురూ, చలవరాతి బల్లలు. ఒక బన్ను, దానికి కాస్త వెన్న, ఒక కప్పు టీ. దానితో గంటసేపు కూర్చున్నా లెమ్మనేవాళ్ళు కాదు. కులం అడిగేవాళ్ళు కాదు. ఆడవాళ్ళతో వస్తే కూర్చోడానికి వేరే 'ఫ్యామిలీ' గదులుండేవి. మర్యాదగల ఇల్లాలు బయట కూర్చుని టీ తాగడం మొదలెట్టింది అలాంటి తెరల చాటునే అనుకుంటాను.

తరవాత ఉడిపివాళ్ళు. మాటుంగాలో రామనాయక్ గారి ఉడిపి శ్రీకృష్ణ బోర్డింగ్ 1942లో పెట్టారు. యుద్ధం రోజులు. మరుసటి ఏడు, 1943లో, బొంబాయిలో రేషను వచ్చింది. అలాంటి కాలంలో అరటాకు వేసి కావలసినంత అన్నం, సాంబారు, చారు, మజ్జిగ. దక్షిణాదినుంచి టైపు నేర్చుకుని గుమాస్తా పనికి వచ్చిన కుర్రాళ్ళకి అదే అమ్మ చేతి ముద్ద. స్టేషను పక్కనే, మార్కెట్టు భవనంలో మేడ మీద. మేమొకసారి వెళ్ళాం. జనం బారులు తీరి ఉన్నారు, చీటీ తీసుకుని పిలిచేదాకా ఆగాలి. మావారు మూడోసారి చారన్నానికి మొహమాటపడ్డారు గాని, వడ్డించే ఆయన అడక్కుండానే వేసి పోయాడు. అక్కడ వంటిల్లు ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. ఈ పద్ధతి మన ఊళ్ళ హోటళ్ళకి కూడా వస్తే బాగుండును!

అయితే ఆ వంటింట్లో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళు. వాళ్ళకి దుకాణం ఉంది, లైసెన్సు ఉంది, పేరు ఉంది, బ్యాంకులో ఖాతా ఉంది. ఖాణావళి ఇల్లాలికి ఏదీ లేదు. ఇది ఇలాగే సాగింది 1970ల దాకా.

1972లో ధరలు మండిపోయాయి. నూనె లేదు, చక్కెర లేదు, జొన్నలు లేవు. మృణాల్ గోరే, అహల్యా రంగణేకర్ వంటివాళ్ళు ముందు నడిస్తే, బొంబాయి ఆడవాళ్ళు అప్పడాల కర్రలు, కంచాలు పట్టుకుని వీధిలోకి వచ్చారు. కంచాలు మోగిస్తూ వేలమంది వెళుతుంటే ఎలా ఉండి ఉంటుందో! ఆ రోజుల్లోనే మిల్లు పనివాళ్ళ సంఘంలో పని చేస్తున్న ప్రేమా పురవ్ అనే ఆవిడకి ఈ ఖాణావళి ఆడవాళ్ళ కష్టం కంటబడింది. ఈవిడ గోవా మనిషి. చిన్న వయసులోనే గోవా విముక్తి పోరాటంలోకి దూకి, కాల్లో తూటా దెబ్బ తిన్న మనిషి. మగవాళ్ళకి సమ్మె చేయడానికి సంఘం ఉంది, సమ్మె రోజుల్లో వాళ్ళకి అప్పుమీద అన్నం పెట్టే ఆడవాళ్ళకి ఏ సంఘమూ లేదేమని ఆవిడ అడిగింది.

బ్యాంకుల్ని 1969లో జాతీయం చేశారు. 1972లో బీదవాళ్ళకి ఏడాదికి నూటికి నాలుగు రూపాయల వడ్డీకే అప్పివ్వాలని పథకం వచ్చింది. కాగితం మీద అంతా బాగుంది. కాని వేలిముద్ర వేసే ఆడమనిషి బ్యాంకు మెట్లెక్కితే, హామీ ఎవరమ్మా అంటారు. ప్రేమా పురవ్ వాళ్ళని జట్లు జట్లుగా చేర్చి, ఒకరికి ఒకరు హామీ అనిపించింది. 1975లో పధ్నాలుగు మందికి తలా 1,500 రూపాయలు అప్పు దొరికింది. అన్నపూర్ణా మహిళా మండలి అని పేరు పెట్టుకున్నారు.

పదిహేను వందలు అంటే ఇవాళ మనం పండక్కి చీర కొనే డబ్బు. వాళ్ళు దానితో ఏం చేశారో చూడండి. ముందు కిరాణా సేటు బాకీ తీర్చారు. అప్పుతో మెడ వంచుకుని కొన్నవాళ్ళు, రొక్కం చేతపట్టుకుని ఏ అంగట్లో నచ్చితే ఆ అంగట్లో, బస్తాల లెక్కన కొన్నారు. తాకట్టు బిందెలు ఇంటికొచ్చాయి. అణా వడ్డీ ఎక్కడ, నాలుగు రూపాయల వడ్డీ ఎక్కడ! నెలనెలా వాయిదాలు కట్టి చూపించారు. పధ్నాలుగు మంది వేలయ్యారు. తరవాత దాదర్‌లో సొంత కేంద్రం పెట్టుకుని ఆఫీసులకి భోజనాలు పంపారు. ప్రేమా పురవ్‌కి 2002లో పద్మశ్రీ ఇచ్చారు. నాకు మాత్రం ఆ మొదటి పధ్నాలుగు మంది పేర్లు తెలిస్తే బాగుండునని ఉంది.

అంతలో పిడుగు పడింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షలమంది పని మానేశారు. ఏడాది దాటినా తెగలేదు. మొదట్లో ఖాణావళి వాళ్ళు, సమ్మె అయ్యాక ఇద్దువు గానిలే అని అప్పుమీదే పెట్టారు. ఎన్నాళ్ళని పెడతారు? తినేవాళ్ళు ఒక్కొక్కరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. చాలా మిల్లులు మళ్ళీ తెరవలేదు, పద్దులో రాసిన బాకీలు పద్దులోనే ఉండిపోయాయి. సమ్మెలో ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని చాలామంది రాశారు. ఖాణావళి పద్దు ఎవరూ కూడి చూడలేదు.

పని పోయిన మిల్లువాళ్ళు కొందరు వడాపావ్ బండ్లు పెట్టుకున్నారు. 1966లో దాదర్ స్టేషను బయట అశోక్ వైద్య అనే ఆయన బంగాళాదుంప బొండాని పావ్ రొట్టెలో పెట్టి అమ్మడం మొదలెట్టాడని చెబుతారు. నిలబడి, ఒక చేత్తో, రైలు వచ్చేలోపు తినేసేది. కడుపు నిండుతుంది, జేబు ఖాళీ కాదు. రుచి కూడా మంచి రుచే, వెల్లుల్లి కారప్పొడి వేస్తే. కాని రెండు పూటలా అదే తిని బతికే మనిషిని తలుచుకుంటే నాకు జొన్నరొట్టె, పప్పు గుర్తుకొస్తాయి. ఇక ఆ మిల్లుల స్థలాల్లో ఫీనిక్స్ మిల్లు బజారుగా మారింది, కమలా మిల్లు ఆవరణలో ఆఫీసులూ, ఖరీదైన హోటళ్ళూ వచ్చాయి. అక్కడ ఒక పూట భోజనానికయ్యే ఖర్చు చూస్తే ఓరుగల్లు రూక తలుచుకుని నవ్వుకోవాలి.

సర్కారువారు కూడా ఊరుకోలేదు. మన దగ్గర 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినట్టు, అక్కడ 1995లో రూపాయికే ఝుణకా భాకర్ పెడతామని బండ్లు, కొట్లు వెలిశాయి. రూపాయికి రొట్టె, శనగపిండి కూర! కొన్నేళ్ళకే ఆ పథకం ఆగిపోయింది. కొట్లు మాత్రం వేరే ఫలహారాలు అమ్ముకుంటూ మిగిలాయి.

మళ్ళీ 2020 జనవరి 26న 'శివభోజన్' అని మొదలుపెట్టారు. రెండు చపాతీలు, కూర, పప్పు, అన్నం, తినేవాడికి పది రూపాయలు. నడిపే పని ఖాణావళి వాళ్ళకీ, మహిళా పొదుపు సంఘాలకీ కూడా ఇచ్చారు. ఇందులో నాకు అన్నిటికంటె నచ్చినది ఒక లెక్క. పట్నంలో ఆ కంచం అసలు ఖరీదు 50 రూపాయలు అని సర్కారే ఒప్పుకుంది. తినేవాడు పది ఇస్తాడు, మిగిలిన నలభై సర్కారు ఇస్తుంది. అన్ని తరాలుగా ఈ నలభై ఎవరు భరించారో ఆ కాగితం చూశాక నాకు తేటతెల్లమైంది. అయితే 2025లో పత్రికల్లో మరో వార్త చదివాను. ఆ నలభై రూపాయలు నెలల తరబడి చేతికి రాలేదని కేంద్రాలు నడిపేవాళ్ళు మొరపెట్టుకున్నారట. అన్నం మాత్రం రోజూ వండాల్సిందే కదా. అన్నాళ్ళూ కిరాణా కొట్టులో సరుకు ఎలా తెచ్చారో మీకు నేను వేరే చెప్పాలా?